షజరా లెక్క – దూరపు రిష్తాలను గుర్తించడం ఎలా?

మన ఖాందానులలో పెళ్ళికో, ఫాతెహాకో పది ఇండ్ల వాళ్ళు ఒకచోట చేరినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతుంది. "ఆయన మనకు ఏమవుతాడు?" అని పిల్లలు అడుగుతారు. "మనవాడేరా, దూరపు రిష్తా" అని పెద్దలు జవాబు చెబుతారు. అంతటితో మాట ఆగిపోతుంది. ఎంత దూరం, ఎవరి వైపు నుండి, ఏ తాత దగ్గర కలుస్తాము అని నిలదీస్తే చెప్పగలిగినవారు ఇప్పుడు అరుదు. వెనుకటి రోజుల్లో ప్రతి మొహల్లాలో ఇద్దరు ముగ్గురు దాదీలు, నానీలు ఈ హిసాబును నోటి మీద చెప్పేవారు. వారు పోయారు, వారితోపాటు ఆ లెక్క కూడా పోయింది. 1948 తరువాత కొన్ని కుటుంబాలు కరాచీ వెళ్ళాయి. ఆ తరువాత గల్ఫ్ దేశాలకు, అమెరికాకు పోయి స్థిరపడినవారున్నారు. అక్కడ పుట్టిన పిల్లలకు ఇక్కడి బంధువుల పేర్లు కూడా సరిగా తెలియవు.

నిజానికి ఈ లెక్క కష్టమైనది కాదు. చిన్న తరగతి పిల్లవానికి వచ్చిన కూడికలు, తీసివేతలు చాలు. దానిని మన దక్కను చరిత్ర నుండి కొన్ని ఉదాహరణలు తీసుకొని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. చివరికి నేను మనవి చేయబోయేది ఒక్కటే. షజరాలో ఆడవారి పేర్లు రాయకపోతే లెక్కా కుదరదు, హక్కూ నిలవదు.

పిలుపు వేరు, రిష్తా వేరు

మొదటి చిక్కు మాటలతోనే వస్తుంది. ఇంట్లో మనం ఉర్దూ మాట్లాడుతాము, బజారులో తెలుగు మాట్లాడుతాము, దఫ్తరులో ఇంగ్లీషు కాగితం నింపుతాము. ఈ మూడు భాషలు చుట్టరికాన్ని మూడు విధాలుగా చూస్తాయి.

ఉర్దూలో తండ్రి సోదరుని బిడ్డ చచాజాద్, తండ్రి సోదరి బిడ్డ ఫుఫీజాద్, తల్లి సోదరుని బిడ్డ మామూజాద్, తల్లి సోదరి బిడ్డ ఖాలాజాద్. నాలుగు దారులకు నాలుగు పేర్లు. తెలుగులో అట్లా కాదు. పెదనాన్న, చిన్నాన్న బిడ్డలూ, పెద్దమ్మ, చిన్నమ్మ బిడ్డలూ అందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళే. మేనత్త, మేనమామ బిడ్డలు మాత్రం బావలు, బావమరదులు, వదినలు, మరదళ్ళు. అందుకే మన పొరుగున ఉన్న హిందూ సోదరుల ఇండ్లలో మేనమామ కూతురును చేసుకుంటారు గాని చిన్నాన్న కూతురును చేసుకోరు. మనలో ఈ నాలుగు వైపులా సంబంధం చేసుకోవచ్చును గనుక ఆ తేడా మన మాటల్లో కనబడదు. ఇంగ్లీషులో అయితే వీరందరికీ కలిపి కజిన్ అనే ఒక్క మాటే. ఆ కజిన్ ఆడా మగా, తల్లి వైపా తండ్రి వైపా అనేది ఆ మాటలో తెలియదు.

దీనికి తోడు మర్యాద పిలుపులు ఉన్నాయి. తండ్రి తమ్ముడు చచా, తండ్రి చచాజాద్ కూడా చచా, తండ్రి స్నేహితుడూ చచాయే. పక్కింటి పెద్దావిడ ఖాలా. ఇవన్నీ మంచి అలవాట్లే, విడిచిపెట్టవలసిన పని లేదు. అయితే పిలుపు మర్యాద కొరకు, లెక్క కొరకు కాదు. కావున ఎవరిని ఏమని పిలుస్తున్నామో చూసి రిష్తాను నిర్ణయించరాదు. వయసు చూసి అసలే నిర్ణయించరాదు.

లెక్క వేసే పద్ధతి

ఇద్దరి మధ్య చుట్టరికం తెలియాలంటే మూడు పనులు చేయాలి. మొదటిది, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న అతి దగ్గరి పెద్ద ఎవరో కనుక్కోవాలి. రెండవది, ఆ పెద్ద నుండి ఒక్కొక్కరి వరకు ఎన్ని మెట్లో లెక్కపెట్టాలి. కొడుకు గాని కూతురు గాని ఒక మెట్టు, మనవడు రెండు మెట్లు, మునిమనవడు మూడు మెట్లు. మూడవది, ఆ రెండు సంఖ్యలను పోల్చాలి.

రెండు సంఖ్యలు సమానమైతే ఇద్దరూ ఒకే తరం వారు. ఒకటి, ఒకటి అయితే తోబుట్టువులు. రెండు, రెండు అయితే తాత ఒకరే, ఇంగ్లీషులో ఫస్ట్ కజిన్. మూడు, మూడు అయితే సెకండ్ కజిన్. అనగా మెట్ల సంఖ్యలో నుండి ఒకటి తీసివేస్తే కజిన్ వరుస వస్తుంది. సంఖ్యలు సమానం కాకపోతే చిన్న సంఖ్యలో నుండి ఒకటి తీసివేసి వరుస చెప్పాలి, రెండింటి మధ్య తేడాను తరాల తేడాగా చెప్పాలి. దీనినే ఇంగ్లీషు వారు 'రిమూవ్డ్' అంటారు. చిన్న సంఖ్య ఒకటే అయితే అది కజిన్ సంబంధం కాదు, చచా, మామూ, ఫుఫీ, ఖాలా సంబంధం. మెట్లు తక్కువ ఉన్నవారు వరుసలో పెద్ద, వయసు ఎంతైనా సరే.

తండ్రి ఒకడే అయి తల్లులు వేరైతే పక్కన 'సౌతేలా' అని రాసుకోవాలి. దానివల్ల మెట్ల లెక్క మారదు గాని ఆస్తి విషయంలో తేడా వస్తుంది.

ఇద్దరు ఖమరుద్దీన్‌లు

ఆసఫ్‌జాహీ వంశానికి మూలపురుషుడైన నిజాముల్‌ముల్క్ అసలు పేరు మీర్ ఖమరుద్దీన్ ఖాన్. 1724లో దక్కను ఆయన చేతికి వచ్చింది. అదే సంవత్సరం నుండి 1748 వరకు ఢిల్లీలో మొహమ్మద్ షా బాదుషాకు వజీరుగా ఉన్నవాని పేరు కూడా ఖమరుద్దీన్ ఖానే. నిజాముల్‌ముల్క్ వదలిపెట్టిన వజీరు పదవిలోనే ఈయన కూర్చున్నాడు. ఇద్దరూ 1748లోనే కన్నుమూశారు. వజీరు మార్చి నెలలో సర్‌హింద్ దగ్గర అహ్మద్ షా అబ్దాలీతో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి పోయాడు. నిజాము జూన్ 1న బుర్హాన్‌పూర్‌లో పోయాడు. ఈ ఇద్దరినీ ఒక్కరే అనుకొనే విద్యార్థులను నేను చాలామందిని చూశాను.

వీరు ఒకరికొకరు ఏమవుతారు? సమర్‌ఖంద్ వైపు నుండి వచ్చిన ఈ ఖాందానులో ఆలం షేఖ్ అనే పెద్ద ఉండేవాడు. ఆయన కుమారులలో ఖాజా ఆబిద్, బహావుద్దీన్ అనే ఇద్దరు మన లెక్కకు ముఖ్యం. ఖాజా ఆబిద్ ఔరంగజేబు సైన్యంలో సర్దారు. 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి మరణించాడు. ఆయన సమాధి హిమాయత్‌సాగర్ సమీపంలో ఉంది. ఆబిద్ కుమారుడు ఘాజీవుద్దీన్ ఖాన్ ఫీరోజ్ జంగ్, ఆయన కుమారుడు నిజాముల్‌ముల్క్. ఇటు మూడు మెట్లు. బహావుద్దీన్ కుమారుడు మొహమ్మద్ అమీన్ ఖాన్, ఆయన కుమారుడు వజీరు ఖమరుద్దీన్. అటు మూడు మెట్లు. మూడు, మూడు గనుక సెకండ్ కజిన్లు. మన భాషలో చెప్పాలంటే ఇద్దరి తండ్రులు చచాజాద్ భాయీలు.

ఇక్కడితో ఆగితే లెక్క సులభమే. కాని నిజాముల్‌ముల్క్ పెద్ద కుమారునికి, అతని పేరు కూడా ఘాజీవుద్దీన్ ఖానే, వజీరు ఖమరుద్దీన్ కూతురును ఇచ్చి పెళ్ళి చేశారు. వారి కొడుకే ఇమాదుల్‌ముల్క్. 1754లో అహ్మద్ షా బాదుషాను గద్దె దింపి కండ్లు తీయించినవాడు ఇతడే. 1759లో రెండవ ఆలంగీర్ బాదుషాను చంపించినవాడూ ఇతడే. ఆ రోజుల్లోనే వజీరు ఖమరుద్దీన్ కుమారుడైన ఇంతిజాముద్దౌలాను కూడా చంపించాడు.

ఇంతిజాముద్దౌలా ఇతనికి ఏమవుతాడు? తండ్రి వైపు నుండి చూస్తే ఆలం షేఖ్ నుండి ఇంతిజాముద్దౌలా నాలుగు మెట్లు, ఇమాదుల్‌ముల్క్ ఐదు మెట్లు. అనగా థర్డ్ కజిన్, ఒక తరం తేడా. ఎంతో దూరపు చచా. తల్లి వైపు నుండి చూస్తే ఉమ్మడి పెద్ద వజీరు ఖమరుద్దీన్. ఇంతిజాముద్దౌలా ఒక మెట్టు, ఇమాదుల్‌ముల్క్ రెండు మెట్లు. అనగా స్వయానా మేనమామ. ఒకే ఇద్దరి మధ్య రెండు రిష్తాలు ఉండవచ్చును. అటువంటప్పుడు రెండూ రాసుకోవాలి, దగ్గరిదానిని ముందు చెప్పాలి. మగవారి పేర్లు మాత్రమే ఉన్న షజరా చూసేవానికి ఈ హత్య ఎక్కడో దూరపు దాయాదిని చంపినట్లు కనబడుతుంది. తల్లి పేరు పెట్టి చూస్తే మేనమామను చంపిన మేనల్లుడు కనబడుతాడు.

కూతురి కొడుకు

నిజాముల్‌ముల్క్‌కు ఆరుగురు కొడుకులు. పెద్దవాడు ఢిల్లీలో ఉండగా రెండవ కొడుకు నాసిర్ జంగ్ దక్కనులో గద్దె ఎక్కాడు. దానికి ఎదురు తిరిగినవాడు ముజఫర్ జంగ్. ఇతడు నిజాముకు మనవడే, కాని కొడుకు కొడుకు కాదు, ఖైరున్నిసా బేగం అనే కూతురి కొడుకు. తాత తననే వారసునిగా నియమించాడని వాదించాడు. ఫ్రెంచివారు ఇతని పక్షం, ఇంగ్లీషువారు నాసిర్ జంగ్ పక్షం చేరారు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర నాసిర్ జంగ్ హతుడైనాడు. ముజఫర్ జంగ్ గద్దె ఎక్కి రెండు నెలలైనా గడవకముందే, 1751 ఫిబ్రవరిలో, కడప ప్రాంతంలో రాయచోటి వైపు జరిగిన పోరులో అతడూ చనిపోయాడు. అప్పుడు ఫ్రెంచి సేనాని బుస్సీ మరొక కొడుకు సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆ సలాబత్ జంగ్ నుండే ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికి పోయాయి. మన తెలుగు జిల్లాల చరిత్రను మలుపు తిప్పిన ఈ తగాదా మామూకు, మేనల్లునికి మధ్య వచ్చింది. ఖైరున్నిసా బేగం పేరు తీసివేస్తే ముజఫర్ జంగ్ ఎక్కడి నుండో వచ్చిన పరాయివాడు అవుతాడు.

ఈ ఖాందానుతోనే ఇంకొక లెక్క చేయవచ్చును. నిజాముల్‌ముల్క్ కుమారుడు నిజాం అలీ ఖాన్, అతని కుమారుడు సికందర్ జా. సికింద్రాబాదు ఆయన పేరుతోనే ఏర్పడింది. ముజఫర్ జంగ్ రెండు మెట్లు, సికందర్ జా రెండు మెట్లు. ఫస్ట్ కజిన్లు, ఒకరు ఫుఫీజాద్, ఒకరు మామూజాద్. కాని సికందర్ జా పుట్టింది 1768లో. అప్పటికి ముజఫర్ జంగ్ పోయి పదిహేడు ఏండ్లు. ఒకే తరం వారు ఒకే కాలంలో బ్రతకాలనే నియమం లేదు. ఇక ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఆరు మెట్లు క్రింద ఉన్నాడు. రెండు, ఆరు. చిన్న సంఖ్య రెండులో ఒకటి తీసివేస్తే ఒకటి, తేడా నాలుగు. కావున ముజఫర్ జంగ్ ఏడవ నిజాముకు ఫస్ట్ కజిన్, నాలుగు తరాల తేడా.

తోడికోడళ్ళు అయిన నానీ, మనవరాలు

వయసును నమ్మరాదని పైన చెప్పాను. దానికి అన్నిటికంటే మంచి ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. ఏడవ నిజాం తన ఇద్దరు కుమారులు ఆజం జా, మొఅజ్జం జాలకు 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో పెళ్ళి జరిపించాడు. 1924లో ఖిలాఫత్ రద్దయిన తరువాత చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ అక్కడే ప్రవాసంలో ఉండేవాడు. ఆజం జా భార్య ఆ ఖలీఫా కూతురు దుర్రెషహ్వార్. మొఅజ్జం జా భార్య నీలోఫర్, ఆమె కూడా ఉస్మానీ ఖాందాను బిడ్డే. పురానీ హవేలీలో దుర్రెషహ్వార్ పేరుతో, రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ పేరుతో ఉన్న ఆసుపత్రులు ఎరుగనివారు హైదరాబాదులో ఉండరు. ఇద్దరూ తోడికోడళ్ళు అని అందరికీ తెలుసు. పుట్టింటి వైపు నుండి ఏమవుతారో తెలిసినవారు తక్కువ.

ఉమ్మడి పెద్ద సుల్తాన్ రెండవ మహమూద్, 1839లో పోయాడు. ఆయన ఇద్దరు కొడుకులు అబ్దుల్ మజీద్, అబ్దుల్ అజీజ్. తల్లులు వేరు. అబ్దుల్ అజీజ్ కుమారుడు ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్, ఆయన కూతురు దుర్రెషహ్వార్. మూడు మెట్లు. అటు మొదటి అబ్దుల్ మజీద్ కుమారుడు ఐదవ మురాద్, ఆయన కుమారుడు సలాహుద్దీన్, ఆయన కూతురు ఆదిలా సుల్తాన్, ఆమె కూతురు నీలోఫర్. ఐదు మెట్లు. మూడు, ఐదు. సెకండ్ కజిన్, రెండు తరాల తేడా. అనగా నీలోఫర్‌కు నానా అయిన సలాహుద్దీన్‌కు దుర్రెషహ్వార్ చెల్లెలి వరుస. నీలోఫర్‌కు ఆమె నానీ వరుస! దుర్రెషహ్వార్ పుట్టింది 1914లో, నీలోఫర్ 1916లో. రెండేండ్లు పెద్దదైన నానీ, ఆమె మనవరాలు ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చారు.

అంతే కాదు. 1933లో పుట్టిన దుర్రెషహ్వార్ కుమారుడు ముకర్రం జాకు నీలోఫర్ తండ్రి వైపు నుండి చాచీ. కాని మహమూద్ నుండి లెక్కిస్తే ముకర్రం జా నాలుగు మెట్లు, నీలోఫర్ తల్లి ఆదిలా సుల్తాన్ నాలుగు మెట్లు. ఒకే తరం. కావున చాచీకి ఆ పిల్లవాడు మామూ వరుస. ఇది విని నవ్వు రావచ్చును గాని లెక్క తప్పు లేదు. ఇందులోనూ ఆదిలా సుల్తాన్ పేరు లేకపోతే నీలోఫర్ ఈ షజరాలో ఎక్కడా కనబడదు.

ఈ లెక్కతో పని ఏమిటి?

ఇవి రాజుల సంగతులు, మనకెందుకు అని ఎవరైనా అనవచ్చును. మనకు రాజ్యాలు లేవు గాని ఇండ్లు, పొలాలు, దుకాణాలు ఉన్నాయి. హనఫీ వారసత్వ చట్టంలో మూడు తరగతుల బంధువులున్నారు. ఖురాను నిర్ణయించిన వాటా గలవారు మొదటి తరగతి. మగవారి ద్వారా కలిసే 'అసబా' రెండవ తరగతి. ఆడవారి ద్వారా కలిసే 'జవిల్ అర్హామ్' మూడవ తరగతి. రెండవ తరగతిలో ఒక్కరున్నా మూడవ తరగతికి ఏమీ రాదు.

ఒక ఉదాహరణ చూడండి. ఒకాయన చనిపోయాడు. భార్య లేదు, కొడుకులు లేరు, ఒక్క కూతురుండేది, ఆమె ముందే పోయింది. ఆమె కొడుకే ఆయనను చివరిదాకా చూసుకున్నాడు. ఇంకెక్కడో ఆయన చచాకు మగవారి ద్వారానే కలిసే మునిమనవడు ఒకడున్నాడు. ఆస్తి అంతా ఆ మునిమనవనికి పోతుంది. కూతురి కొడుకుకు హక్కుగా ఏమీ రాదు. ఆ పెద్దాయనకు ఈ లెక్క తెలిసి ఉంటే బ్రతికి ఉండగానే మనవనికి మూడవ వంతు వరకు వసియ్యత్ రాసి ఉండవచ్చును. దూరపు కజిన్ ఎవరో తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం ఇటువంటిది.

ఇంకొకటి. చచాజాద్ భాయీ కొడుకు ఒకడు, తండ్రికి చచాజాద్ అయినవాడు ఒకడు. మొదటివాడు భతీజా వరుస, రెండవవాడు చచా వరుస. ఇంగ్లీషు లెక్కలో ఇద్దరూ ఫస్ట్ కజిన్, ఒక తరం తేడా. కాని చట్టంలో ఇద్దరూ సమానం కారు. మొదటివాడు మన దాదా దగ్గర కలుస్తాడు, రెండవవాడు పర్‌దాదా దగ్గర కలుస్తాడు. దాదా సంతానం ఉండగా పర్‌దాదా సంతానానికి వాటా లేదు. వయసులో, వరుసలో పెద్దవాడైనా సరే. అందుకే ఉమ్మడి పెద్ద ఎవరో మొదట తేల్చాలని చెప్పాను.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి కూతుళ్ళది. కూతురుకు కొడుకు వాటాలో సగం హక్కుగా ఉంది. కొడుకులు లేక ఒక్క కూతురే ఉంటే ఆస్తిలో సగం ఆమెది. కాని మన ఇండ్లలో చాలా షజరాలు తండ్రి, కొడుకు, మనవడు అని మగవారి పేర్లతోనే సాగుతాయి. మొదట షజరాలో పేరు పోతుంది. రెండు తరాలు గడిస్తే "ఆయనకు కొడుకులే" అనే మాట స్థిరపడుతుంది. ఆ తరువాత పంపకం కాగితంలో ఆమెకు, ఆమె బిడ్డలకు చోటు ఉండదు. ఎవరూ అబద్ధం చెప్పనక్కరలేదు, రాయకుండా ఉంటే చాలు.

షజరా రాయడం ఎలా?

ఒక మంచి నోటుబుక్కు తీసుకోండి. మీ పిల్లలతో మొదలుపెట్టి పైకి పోండి. ప్రతి మనిషికి తండ్రి పేరు, తల్లి పేరు రెండూ రాయండి. కొడుకులను, కూతుళ్ళను పుట్టిన వరుసలో రాయండి. చిన్నప్పుడే పోయినవారిని కూడా రాయండి. రెండు పెళ్ళిళ్ళు జరిగిన చోట ఏ బిడ్డ ఏ తల్లికో స్పష్టంగా చూపండి. పెంచుకున్న బిడ్డ అయితే కన్న తల్లిదండ్రుల పేర్లు తప్పక రాయండి. ఒకే పేరు రెండుసార్లు వస్తే ఊరు, సంవత్సరం పక్కన పెట్టండి. ఇద్దరు ఖమరుద్దీన్‌ల సంగతి చూశారు కదా.

ఆధారాల కొరకు ఇంటి పాత పెట్టెలు వెతకండి. నికాహ్‌నామాలో వధూవరుల తండ్రుల పేర్లు ఉంటాయి. బడి రిజిస్టరులో పుట్టిన తేదీ దొరుకుతుంది. ఖబ్రస్తానులో రాళ్ళ మీద మరణ సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. నిజాము కాలంలో ఇనాము, జాగీరు ఉన్న కుటుంబాలలో విరాసత్ విచారణ కాగితాలు, ముంతఖబ్‌లు ఉంటాయి. వాటిలో హక్కుదారుల వివరాలు దొరుకుతాయి. అయితే కాగితాల కంటే ముందు ఇంట్లో ముసలి ఆడవారిని అడగండి. ఏ బిడ్డను ఏ ఊరికి ఇచ్చారో వారికి తెలిసినట్లు మగవారికి తెలియదు. కాగితం పది ఏండ్ల తరువాత కూడా దొరకవచ్చును, వారు దొరకరు.

పై ఊర్లలో, పై దేశాలలో ఉన్న బంధువులకు ఒక నకలు పంపండి. వారి దగ్గర ఉన్న పేర్లు మీ పుస్తకంలో చేరుతాయి. పొరపాట్లు ఉంటే వారే దిద్దుతారు.

సిలా రహ్మీ, అనగా బంధుత్వం నిలుపుకోవడం, మనలో ప్రతివారూ గౌరవించే మాటే. ఎవరు బంధువో తెలియకుండా దానిని నిలుపుకోవడం ఎట్లా? రంజాన్‌లో జకాత్ ఇచ్చేటప్పుడు అవసరంలో ఉన్న దూరపు ఫుఫీజాద్ గుర్తుకు రావాలన్నా, ఫీజు కట్టలేని పిల్లవాడు మన ఖాలాజాద్ మనవడని తెలియాలన్నా ఆ పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఈ సంచిక చదివిన ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు తెరుచుకోవాలని, అందులో మొదటి పేజీలోనే ఆ ఇంటి ఆడబిడ్డల పేర్లు చోటు చేసుకోవాలని మనవి చేస్తున్నాను.